నలభై ఆరు టిక్కులు

"పదింటికి పాలు పట్టుండ్రి. కడుపు నిండ తాగాలె. పదిన్నరకు మందేద్దాం. డోసు పెంచుతున్నం గదా, రెండు గంటలు ఈడనే ఉండాలె," అని చెప్పి డాక్టర్ వినీల నోటుబుక్కును తిరిగి సుమన చేతిలో పెట్టి మేడ మీది వార్డుకు వెళ్ళిపోయింది. గోడ గడియారంలో తొమ్మిదిన్నర. ఇక మిగిలింది ఒక్క గంట. మందు వేశాక పిల్లల్ని కనిపెట్టి చూడడానికి ఆ పిల్లల దవాఖానలో కింద రెండు మంచాల గది ఒకటి ఉంది. రెండో మంచం ఖాళీ. మూడు నెలల స్నిగ్ధ సుమన ఒళ్ళో పడుకుని తిరుగుతున్న ఫ్యానును చూస్తోంది, కుడి కన్ను పూర్తిగా తెరిచి. ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. పై రెప్ప మీద పండిన రేగుపండును సగానికి కోసి అతికించినట్టు ఎర్రగా, మెత్తగా మచ్చ. దాని బరువుకు రెప్ప లేవడం లేదు. కిటికీ దగ్గరి ప్లాస్టిక్ కుర్చీలో సుమన తండ్రి జకరయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నాడు. మార్చి నెల ఇంకా దాటనే లేదు, పొద్దున్నే ఎండ గది సగానికి వచ్చేసింది.

ఒక్క డోసు గూడ మిస్ కాలె, మంచిగ రాసిన్రు, అంది డాక్టరు ఇందాక పేజీలు తిప్పుతూ. అంటూ నవ్వింది కూడా. తర్వాత పాప రెప్పను బొటనవేలితో మెల్లగా ఎత్తి చూసినప్పుడు ఆ నవ్వు పోయింది. నాలుగు వారాలు మందు పడినా మచ్చ తగ్గకపోగా పెరిగింది, ఇట్లా మందుకు లొంగకపోవడం అరుదు, పాప బరువు ఐదు కిలోలకు వచ్చింది కాబట్టి పూటకు రెండు ఎమ్మెల్ కాదు, ఐదు ఎమ్మెల్ ఇద్దాం అంది. సుమన తల ఊపింది. ఎందుకు ఊపింది? నోరు తెరవాల్సింది అప్పుడే కదా. డాక్టరు ఎదురుగా ఉంది, పాప మధ్యలో ఉంది, మాట నాలుక మీదే ఉంది. కానీ ఆమె మంచిగ రాసిన్రు అన్నది. ఆ మెచ్చుకోలు నోటికి గొళ్ళెం పెట్టినట్టయింది. నోటుబుక్కులో గీతలు గీసింది సుమన భర్త ఫిలిప్. మెదక్ డిపోలో కండక్టరు, గీతలు గీయడం అతనికి అలవాటు. ఒక వరుస తేదీలకు, ఒక వరుస పొద్దున ఏడింటి డోసుకు, ఒకటి సాయంత్రం ఏడింటి డోసుకు. నువ్వు మరిచిపోతవని కాదు సుమనా, డాక్టరుకు చూపియ్యనీకి ఉంటది, అన్నాడు. టిక్కులు పెట్టింది సుమన. బడిలో యూకేజీ పిల్లల పుస్తకాల్లో పెట్టే ఎర్ర టిక్కుల్లాంటివే. ఆ పిల్లలైతే, ఎప్పుడైనా పొరపాటున తప్పుకు టిక్కు పెడితే ఊరుకోరు, టీచర్ టీచర్ ఇది తప్పు అని వేలు పెట్టి చూపిస్తారు. ఈ పుస్తకంలో మొదటి పది టిక్కులు నిజం. ఆ తర్వాత ఇరవై మూడు రోజులు, రోజుకు రెండు చొప్పున, నలభై ఆరు. వాటిలో ఒక్కటీ నిజం కాదు.

స్నిగ్ధ పుట్టినప్పుడు మొహం మీద ఏమీ లేదు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు పుట్టింది, తెల్లటి మొహం, ఒత్తైన జుట్టు. పదో రోజున స్నానం చేయిస్తూ ఫిలిప్ తల్లి కమలమ్మ, దోమ కుట్టినట్టున్నది, అంది. నిజంగానే దోమ కుట్టినంత ఎర్రచుక్క. నెల తిరిగేసరికి ఆ చుక్క బొట్టుబిళ్ళంత అయింది, తర్వాత ఉబ్బింది. ఏడిస్తే ఇంకా ఎర్రబడేది. ఎవరూ చెడ్డగా మాట్లాడలేదు, అదే కష్టం. గుడిలో బాప్తిస్మం రోజున ఫోటోలు తీసినతను పాప తలను మెల్లగా ఎడమకు తిప్పి, ఇట్ల పట్టుకోండ్రి అక్కా, గిటు పక్క మంచిగొస్తది, అన్నాడు. తర్వాత స్టూడియోలో ఫోటోలు ఇస్తూ, కావాల్నంటే కంప్యూటర్ల మచ్చ తీసేస్త, పైసలేం వద్దు, అన్నాడు. పాపం, మంచివాడు. ఫిలిప్ వద్దన్నాడు. మా పిల్ల ఎట్లున్నదో గట్లనే ఉండనీ తమ్మీ. ఆ రోజు ఫిలిప్‌ను చూసి ఎంత గర్వపడింది తను. అలాంటి మనిషికి రోజూ రెండు అబద్ధాలు చెబుతోంది. కాదు, చెప్పడం కూడా లేదు, టిక్కు పెడుతోంది అంతే. అతను ఇంటికి రాగానే టికెట్ల సంచి మేకుకు తగిలించి చేతులు కడుక్కుని ముందు పాపను చూస్తాడు, తర్వాత పుస్తకం చూస్తాడు, తర్వాత సుమన తల మీద చెయ్యి వేస్తాడు.

హైదరాబాద్‌లో చర్మం డాక్టరు కాగితం మీద కన్ను బొమ్మ గీసి చెప్పాడు. ఇది రక్తనాళాలు గుంపుగా పెరిగిన గడ్డ, మీ తప్పేమీ లేదు, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఒంటి మీద ఇంకెక్కడైనా ఉంటే, వదిలేయండి, కొన్నేళ్ళకు దానంతటదే కరిగిపోతుంది అనేవాణ్ణి. రెప్ప మీద ఉంది కాబట్టి వదలకూడదు. కన్ను మూసుకుపోతే మెదడు ఆ కంటితో చూడడం నేర్చుకోదు. ఆ తర్వాత మచ్చ పోయినా చూపు రాదు. మందు ఉందమ్మా, మంచి మందు. ఎప్పటినుంచో పెద్దవాళ్ళకు బీపీకీ గుండెకూ వాడేదే. ఎక్కడో దూరదేశంలో గుండె జబ్బున్న పసిపిల్లకు ఇస్తే ఆ పిల్ల మొహం మీది మచ్చ పాలిపోయిందట, అప్పుడు తెలిసింది దీనికీ పనిచేస్తుందని. ఇప్పుడు అందరం వాడుతున్నాం. ఫిలిప్ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సుమనకు గుండె అన్న మాట ఒక్కటే మిగిలింది. బస్సులో వస్తూ నర్సాపూర్ అడవి దగ్గర పాప నిద్రలో ఉలిక్కిపడితే ఆమె చెయ్యి తనంతట తానే పాప ఛాతీ మీదికి పోయింది. లోపల పిచ్చుక రెక్కలు కొట్టుకుంటున్నట్టు ఎంత వేగం. దీన్ని నెమ్మది చేసే మందట.

మొదటి డోసు ఈ గదిలోనే వేశారు, ఈ మంచం మీదే. ఇంటికి వెళ్ళేముందు నర్సు యాదలక్ష్మి ఒకటికి రెండుసార్లు చెప్పింది. గోలి నూరి పది ఎమ్మెల్ కాచిన నీళ్ళల్ల కలపాలె, అండ్ల నుంచి రెండు ఎమ్మెల్ సిరంజీల తీసుకోని బుగ్గ పక్కకు మెల్లగ ఇయ్యాలె. పాలు తాగకుంటే ఇయ్యొద్దు, కక్కుకుంటే ఇయ్యొద్దు, ఆయాసమొస్తే ఇయ్యొద్దు. కాళ్ళు జర సల్లగైతయి, భయపడొద్దు. భయపడొద్దు అంటే భయం పోతుందా. రెండో రోజు పాప అరికాళ్ళు చల్లగా అయ్యాయి. నాలుగో రోజు మధ్యాహ్నం పాలకు లేవకుండా ఐదు గంటలు నిద్రపోయింది. సుమన ఆ ఐదు గంటలూ ముక్కు దగ్గర వేలు పెట్టి కూర్చుంది. అయినా ఇచ్చింది. ఐదు రోజులు ఇచ్చింది. ఆరో రోజు పొద్దున పాప పాలకు లేవక ఏడింటి డోసు ఆగింది, అది ఇవ్వకముందే నాయిన పక్కింటి పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు, అక్కా, మీ నాయిన పడిపోయిండు.

జకరయ్య వడ్రంగి. బడి తలుపులు, గుడి బెంచీలు, పట్టణంలో సగం ఇళ్ళ కిటికీలు ఆయన చేతివే. నాలుగేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. చాయ్ గ్లాసు పట్టుకుంటే సాసరులోకి ఒలుకుతుంది. సంవత్సరం కింద ఒక డాక్టరు రాసిన గోలీలతో కాస్త నయం. ఆ రోజు సుమన చంటిపిల్లను చంకన వేసుకుని రెండు వీధులు ఉరికింది. వాకిట్లో నులక మంచం మీద పడుకోబెట్టారు, మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా, చేతులు మంచులా. నాడి పట్టుకుంటే దొరకలేదు, దొరికాక ఎంతో ఎడం ఎడంగా, మరచిపోయి మరచిపోయి కొట్టుకుంటున్నట్టు. పక్కింటివాళ్ళు చక్కెర నీళ్ళు తాగించారు. అంబులెన్సు వచ్చేలోపు కళ్ళు తెరిచాడు, దవాఖానకు రానన్నాడు. అప్పుడు కనపడింది మంచం కింద గోలీల అట్ట. వంగి తీసింది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదివింది, యూకేజీ పిల్లలతో చదివించినట్టు. పి. ఆర్. ఓ. పి. చివరి దాకా అదే పేరు. ఇంట్లో పాలపొడి డబ్బా పక్కన స్నిగ్ధ కోసం దాచిన అట్ట మీది పేరే. ఆ సాయంత్రం ఏడింటికి గోలి నూరింది, నీళ్ళల్లో కలిపింది, సిరంజిలోకి రెండు ఎమ్మెల్ లాగింది. పాప ఆమె వైపు చూసి నోరు తెరిచింది, పాలనుకుని. సుమన సిరంజిని సింకులోకి ఒత్తింది. నీళ్ళు వదిలింది. తర్వాత సిరంజిని కడిగి కిటికీలో ఆరబెట్టింది, ఫిలిప్ చూస్తాడని. పుస్తకం తెరిచి, పొద్దున తప్పిపోయినదానికి కూడా కలిపి రెండు టిక్కులు పెట్టింది. రేపు చెబుదాం అనుకుంది. రేపు ఇద్దాం అని కూడా అనుకుంది. అట్లా ఇరవై మూడు రేపులు అయిపోయాయి.

తలుపు చప్పుడైంది. యాదలక్ష్మి వచ్చి పాప ఛాతీ మీద స్టెతస్కోపు బిళ్ళను అరచేతిలో వెచ్చబరిచి పెట్టి గోడ గడియారం వైపు చూస్తూ పెదవులు కదిపింది.

"నూట యాభై. మందు మీదున్న పిల్లకు జర ఎక్కువనే ఉన్నది. ఏడ్చిందా ఏంది?"

"ఆఁ... జరంత ఏడ్చింది," అంది సుమన.

పాప ఏడవలేదు. పొద్దున్నుంచి ఒక్కసారి కూడా ఏడవలేదు. నర్సు ఒక క్షణం సుమన మొహంలోకి చూసి, కాగితం మీద అంకె వేసి, పది నిమిషాలల్ల పాలు పట్టు తల్లీ, అని వెళ్ళిపోయింది. ఎంత సులువుగా వచ్చింది ఆ అబద్ధం. టిక్కు పెట్టినంత కష్టం కూడా లేదు. గుండె నిజం చెప్పేసింది, తను దాని నోరు మూసింది. ఏడ్చిందట. ఎవరు ఏడ్చింది?

పది కాకముందే పాలిచ్చింది. పాప ఎడమ చెంప ఆమెకు ఆనుకుని, ఆ మచ్చ వెచ్చగా చర్మానికి తగులుతోంది. ఇంత దగ్గరగా చూస్తే అందులో సన్నటి గీతలు, అత్తిపండు లోపలిలాగా. దాన్ని అసహ్యించుకోవాలని ఎన్నోసార్లు చూసింది, వీలుకాలేదు. అదీ పాపదే కదా. మొదట్లో కొన్ని రోజులు, మందు ఆపాక, రంగు తగ్గినట్టే అనిపించింది. కిటికీ దగ్గర చూస్తే తగ్గినట్టు, దీపం కింద చూస్తే లేనట్టు. ప్రార్థన చేసింది, మందు లేకుండా తగ్గించు ప్రభువా, నేను చేసింది తప్పు కాకుండా చెయ్యి. అదేం ప్రార్థన. పాప కోసమా, తన కోసమా. పోయిన ఆదివారం ఫిలిప్ గిలక్కాయ ఊపుతుంటే స్నిగ్ధ గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి చూసింది. చూడు చూడు, ఎట్ల పోజు కొడుతుందో, అని నవ్వాడు ఫిలిప్. సుమనకు నవ్వు రాలేదు. అది పోజు కాదు. రెప్ప కింది సందులోంచి చూడడానికి పిల్ల తలను వెనక్కి వంచుతోంది.

పాప గుటకలు వేస్తోంది. గడియారంలో పది దాటి ఐదు. ఇప్పుడు ఇంకో ఆలోచన మెల్లగా వచ్చింది, అడగకుండానే వచ్చి పక్కన కూర్చున్న చుట్టంలా. చెప్పకపోతే ఏమవుతుంది? పదిన్నరకు వాళ్ళే వేస్తారు. రెండు గంటలు వాళ్ళే చూస్తారు. ఏమైనా అయితే డాక్టరు మేడ మీదే ఉంది. ఏమీ కాకపోతే రేపటి నుంచి నిజంగా ఇస్తే సరిపోతుంది. మచ్చ తగ్గుతుంది. పుస్తకంలో టిక్కులు అట్లాగే ఉంటాయి, ఫిలిప్ అట్లాగే తల మీద చెయ్యి వేస్తాడు, ఈ నలభై ఆరు ఎవరికీ తెలియకుండా కరిగిపోతాయి. ఎంత తేలిక. ఐదు ఎమ్మెల్. రెండు ఎమ్మెల్‌కే అరికాళ్ళు చల్లబడ్డ పిల్లకు, ఇరవై మూడు రోజులుగా ఒక్క చుక్కా పడని ఒంట్లో ఒక్కసారిగా ఐదు. డాక్టరు ఈ పిల్లకు ఇస్తున్నాననుకోవడం లేదు. పుస్తకంలో ఉన్న పిల్లకు, నాలుగు వారాలుగా మందు తాగిన పిల్లకు ఇస్తున్నానని అనుకుంటోంది. ఆ పిల్ల ఎక్కడా లేదు. నాయిన మొహం గుర్తొచ్చింది, సున్నం కొట్టినట్టు.

"బిడ్డా," అన్నాడు జకరయ్య కిటికీ దగ్గర నుంచి. "పాపకిచ్చేది నేనేసుకునే గోలియే అంట గదా. మొన్న ఫిలిప్ చెప్పిండు. తాతకు మనవరాలికి ఒక్కటే గోలి." ఆయన నవ్వాడు. సుమన నవ్వలేదు.

"నీకు భయం కాలేదా నాయినా? ఆ దినం గట్ల పడ్డవు గదా ఆ గోలికే."

ఆయన తువ్వాలు మడిచాడు. మళ్ళీ విప్పాడు. "గోలిదేం తప్పు లేదు. తప్పు నాది." కాసేపు కిటికీ బయటికి చూశాడు. "నీకు చెప్పలే నేను. చెప్తే పనిముట్ల సంచి గుంజుకుంటవని చెప్పలే. నర్సాపూర్ రోడ్డుకు ఒక బంగ్లా కడుతున్రు. ముందటి దినం తలుపుకు తాళం బిగిస్తున్న. ఉలి జారింది, కొత్త తలుపుకు గీత పడ్డది. ఆ బంగ్లాయన చూసిండు. ముసలాయనా, ఇడిసిపెట్టు, వేరేటోన్ని పిలుస్త, అన్నడు. నలభై ఏండ్ల పనిల గా మాట ఎవ్వలూ అనలే. రేపొస్త సార్, మంచిగ చేసిస్త, అని బతిలాడిన. తెల్లారి మూడు గోలీలేసుకున్న."

"మూడా?"

"ఒకటికి బదులు మూడు. చెయ్యి గట్టిగ నిలవాల్నని. ఉపాస దినాలు గదా, ముందటి రాత్రి నుంచి ఏం తినలే. ఖాళీ కడుపు, మూడు గోలీలు, పైన ఎండ. పడక ఏమైత?"

మూడు. ఖాళీ కడుపున. పాలు తాగకుంటే ఇయ్యొద్దు అని నర్సు రెండుసార్లు చెప్పింది, తను రెండుసార్లు విన్నది. అట్ట మీది పేరు ఒక్కటే చూసింది, అట్టలో ఎన్ని గోలీలు ఖాళీ అయ్యాయో చూడలేదు. ఒక్క మాట అడిగి ఉంటే. ఆ రోజు, ఆ మర్నాడు, ఈ ఇరవై మూడు రోజుల్లో ఎప్పుడైనా, నాయినా, ఎన్ని ఏసుకున్నవు, అని ఒక్క మాట. ఆయన సిగ్గుతో దాచాడు, తను భయంతో దాచింది. ఇద్దరూ రోజూ కలుసుకున్నారు, పాపను ఆడించారు, చాయ్ తాగారు. ఆయన మీద కోపం రావాలి, రాలేదు. బంగ్లా వాకిట్లో పనిముట్ల సంచితో నిలబడి బతిలాడుతున్న ఆయన కనపడ్డాడు. రేపొస్త సార్. ఆయన రేపు కూడా తన రేపుల్లాంటిదే.

"నాయినా," అంది. "నేను పాపకు మందు ఇస్తలేను."

జకరయ్య తల తిప్పాడు. "ఎన్ని దినాల సంది?"

"నువ్వు పడ్డ దినం సంది. రోజూ పారబోస్తున్న. ఫిలిప్‌కు తెల్వదు. ఎవ్వరికీ తెల్వదు."

ఆయన లేచి వచ్చాడు, మంచం పక్కన నిలబడి పాపను చూశాడు, ఆ రెప్పను చూశాడు, చాలాసేపు. ఆయన మెడలో నరం కదలడం సుమనకు కనపడింది. తిడితే బాగుండునని అనిపించింది, చిన్నప్పుడు రంపం పట్టుకున్నందుకు అరిచినట్టు అరిస్తే బాగుండును. ఆయన తిట్టలేదు.

"నన్ను జూసి భయపడ్డవు," అన్నాడు చివరికి. "టైమెంత?"

"పది ఇరవై ఐదు."

"నేను జెప్పాల్నా?"

"వద్దు. నేనే చెప్త."

చెప్త అంది గానీ కాళ్ళు లేవలేదు. పాపను భుజాన వేసుకుంది, త్రేనుపు వచ్చేదాకా వీపు నిమిరింది. ఏమని మొదలుపెట్టాలి. సారీ డాక్టర్ అనా. నేను టీచర్‌ను, చదువుకున్నదాన్ని, అయినా అనా. చదువుకున్నది కాబట్టే పేరు చదవగలిగింది, చదవబట్టే భయపడింది. ఫిలిప్ ఏమంటాడు. డాక్టరు ఇంకెప్పుడూ నమ్మదు. నోటుబుక్కు బల్ల మీద ఉంది, ఫ్యాను గాలికి అట్ట లేస్తోంది, పడుతోంది. పదిన్నర. యాదలక్ష్మి చిన్న ట్రేలో సిరంజితో లోపలికి వచ్చింది. సుమన కళ్ళు ముందు దాని మీదికే పోయాయి. నిండా ఉంది. ఎప్పుడూ లాగే రెండు గీతల దగ్గర కాదు, చివరిదాకా.

"పాలు మంచిగ తాగిందా? పాపను జర ఒడిల అడ్డం పండవెట్టుకో తల్లీ."

"సిస్టర్, ఆగుండ్రి. ఇయ్యకుండ్రి."

నర్సు చెయ్యి ఆగింది.

"పాపకు మందు ఇస్తలేను నేను. ఇరవై మూడు దినాల నుంచి ఇస్తలేను. పుస్తకంల రాసింది అబద్ధం. మా నాయిన గా గోలికే పడిపోయిండనుకున్న, భయమయ్యింది. పారబోసిన. అన్నీ పారబోసిన."

చెప్పడానికి పది సెకన్లు కూడా పట్టలేదు. నర్సు సిరంజికి మూత పెట్టింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. నూట యాభైకి నాకు డౌటొచ్చిందమ్మా, అంది మెల్లగా, అయినా అడగకపోతిని, నాదే తప్పు. మేడంను పిలుస్త, ఉండు. ఆమె చెప్పుల చప్పుడు మెట్ల మీద పైకి వెళ్ళింది, కాసేపటికి రెండు జతల చప్పుడు కిందికి వచ్చింది.

డాక్టర్ వినీల స్టూలు లాక్కుని సుమనకు ఎదురుగా కూర్చుంది. చిన్న వయసే, సుమన కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. చెప్పు, అంది. సుమన మళ్ళీ చెప్పింది, ఈసారి మొదటి నుంచి, చల్లబడ్డ అరికాళ్ళు, ఐదు గంటల నిద్ర, నులక మంచం, అట్ట మీది పేరు. ఫిలిప్‌ను ఎట్లా నమ్మించిందో, సిరంజిని ఎట్లా తడిపి ఆరబెట్టిందో కూడా చెప్పింది. డాక్టరు మధ్యలో ఆపలేదు. అయ్యాక నోటుబుక్కు తీసుకుంది, పదో టిక్కు కింద పెన్నుతో అడ్డగీత గీసింది.

"నాకు కోపమొస్తుంది సుమనా," అంది. "రాదని అబద్ధం చెప్పను. మూడు వారాల మీద పోయినయి, పిల్ల కంటికి గవి చాన ముఖ్యమైన వారాలు. నేనేమో మందు పనిచేస్తలేదనుకోని ఐదు ఎమ్మెల్ ఎక్కిస్తుంటి. అలవాటు లేని ఒంట్లకు గట్ల ఎక్కియ్యొద్దు. గుండె ఎక్కువ నెమ్మదైతది, షుగర్ పడిపోతది." నోటుబుక్కు మొదటి పేజీకి తిప్పింది. "కాళ్ళు సల్లగైన దినమే నాకు ఫోన్ చేస్తే అయిపోయేది. నా నంబరు మొదటి పేజీల రాసిచ్చిన గదా. ఎందుకు చెయ్యలే?"

"మీరు తిడ్తరనుకున్న మేడం."

"ఇప్పుడు తిట్టిన గదా. ఏమైంది?" అంది డాక్టరు, నవ్వకుండానే. తర్వాత లేచింది. "కన్ను చూద్దాం ముందు."

పాపను జకరయ్య ఒళ్ళో కూర్చోబెట్టారు. డాక్టరు తన అరచేతితో పాప కుడి కన్ను మూసింది, రెండో చేత్తో పెన్ను టార్చి వెలిగించి ముందుకు చాపింది. స్నిగ్ధ తల విదిలించుకుంది, ఏడవబోయింది. డాక్టరు వెలుగును మెల్లగా ఎడమకు కదిపింది. ఏమీ లేదు. ఇంకా కొంచెం. అప్పుడు స్నిగ్ధ గడ్డం పైకెత్తింది, ఆ ఎర్రటి రెప్ప కింద మిగిలిన సన్నటి సందులో నల్లగుడ్డు కదిలింది, వెలుగు వెంట ఎడమకు, మళ్ళీ వెలుగు వెంట కుడికి. డాక్టరు ఇంకోసారి చేసింది, ఇంకోసారి. "చూస్తుంది," అంది. "ఇంకా ఈ కంటితోని చూస్తుంది. ఈ వారంల హైదరాబాద్‌ల కంటి డాక్టరుకు చూపియ్యాలె, నేను రాసిస్త. రోజుకు కొంచెంసేపు మంచి కన్నుకు పట్టీ కట్టమంటరేమో. పూర్తిగా ఎట్లుంటదో నేను ఇప్పుడే మాటియ్యలేను. కానీ టైమున్నది." సుమన గోడకు ఆనుకుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. నర్సు ఆమె భుజం పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది.

మళ్ళీ మొదటి నుంచి, పాప ఇప్పటి బరువుకు లెక్కగట్టి తక్కువతో మొదలుపెడదాం అన్నారు. యాదలక్ష్మి కొత్త సిరంజిలో రెండున్నర ఎమ్మెల్ తెచ్చి, నేనియ్యాల్నా, అని అడిగింది. సుమన చెయ్యి చాపింది. పాప బుగ్గ పక్కన సిరంజి మొన పెట్టి మెల్లగా ఒత్తింది. చేదుకు పాప మొహం ముడుచుకుంది, నాలుకతో ఒక చుక్క బయటికి తోసింది, తర్వాత మింగింది. మింగడం సుమన కళ్ళతో చూసింది, గొంతు దగ్గర చిన్న కదలిక. ఇరవై మూడు రోజుల తర్వాత మొదటి మందు. అరగంటకు నూట నలభై. గంటకు నూట ముప్పై. మడమ దగ్గర సూదితో చుక్క రక్తం తీసి చూసిన షుగర్ బాగానే ఉంది. అరికాళ్ళు కొంచెం చల్లబడ్డాయి, సుమన మేజోళ్ళు తొడిగింది. ముక్కు దగ్గర వేలు పెట్టలేదు. పెట్టాలనిపించింది, అయినా పెట్టలేదు. జకరయ్య బయటికి పోయి మూడు చాయ్‌లు తెచ్చి ఒకటి నర్సు బల్ల మీద పెట్టాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, తన గోలీల అట్ట జేబులోంచి తీసి డాక్టరుకు చూపించి, జర నాక్కూడ చెప్పుండ్రి అమ్మా, ఎట్ల ఏసుకోవాలె, అని అడిగాడు.

ఇక మిగిలింది ఫిలిప్. ఫోను చేతిలో పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఎదురుగా ఆటోలు, ఎండలో తెల్లబడ్డ రోడ్డు. సాయంత్రం ఇంటికి వచ్చాక చెప్పొచ్చు, చెయ్యి కడుక్కున్నాక, తిన్నాక. అంటే ఇంకో రేపు. ఫోను కలిపింది. రెండో రింగుకే ఎత్తాడు, వెనకాల బస్సు హోరు.

"ఏమైంది? పాప ఎట్లున్నది? డోసు ఏసిన్రా?"

చెప్పింది. మూడోసారి చెబుతున్నా ఇదే కష్టంగా ఉంది. అవతల బస్సు బ్రేకు చప్పుడు, ఎవరో చిల్లర అడుగుతున్న గొంతు, తర్వాత ఫిలిప్ గొంతు, ఆమెతో కాదు. "కౌడిపల్లి, కౌడిపల్లి! దిగేటోళ్ళు ముందటికి రాండ్రి." తలుపు చప్పుడు. రెండు విజిళ్ళు. మళ్ళీ హోరు.

"ఇన్ని దినాలు," అన్నాడు. "నేను రోజూ పుస్తకం చూస్తుంటి సుమనా." ఫోను కట్ అయింది.

ఆమె వరండాలోనే నిలబడింది. కట్ అయిందో, అతనే చేశాడో తెలియలేదు. మళ్ళీ చేయాలా వద్దా. మెట్ల మీద ఒక తల్లి దగ్గుతున్న పిల్లవాణ్ణి ఎత్తుకుని ఎక్కుతోంది, జర జరగండి అక్కా, అంది. సుమన పక్కకు జరిగింది. అతను కోపంతోనే ఉంటాడు, ఈ రోజు, రేపు, చాలా రోజులు. తల మీద చెయ్యి వేయడు. అది తనకు దక్కాల్సిందే. పాప మింగింది, గుండె బాగుంది, కన్ను వెలుగు వెంట పోయింది. ఈ మూడూ నిజం. ఇవి చాలు అనుకోబోయింది. చాలవు. అతను కావాలి.

పావుగంటకు ఫోను మోగింది. ఈసారి హోరు లేదు, బస్సు ఎక్కడో ఆగి ఉంది.

"పాలు తాగిందా?" అన్నాడు. గొంతు గీరుకుపోయి ఉంది.

"తాగింది. మందు పడ్డంక గూడ తాగింది. మంచిగనే ఉన్నది."

"నీ దగ్గర ఎవలున్నరు?"

"నాయిన ఉన్నడు."

ఎవరో అతన్ని పిలుస్తున్నారు, వస్తున్న ఆగు, అన్నాడు వాళ్ళతో.

"డ్యూటీ దిగంగనే వస్త," అన్నాడు. "ఏడింటి డోసు నేనిస్త. నీకు భయమైతే భయమైతుందని చెప్పు, నాక్కూడ అయితుంది. నువ్వు నా పక్కన కూసో."

"కూసుంట," అంది సుమన. అప్పుడు వచ్చింది ఏడుపు.